ఖాళీ గడి అంటే ఉచితం కాదు: ఒక డెలివరీ రేట్ల పట్టికకు టైపులు రాసిన కేసు

నేపథ్యం

బెంగళూరులో ఒక మధ్యతరహా సంస్థ. కిరాణా కొట్లకు, చిన్న హోటళ్లకు సరుకు చేరవేస్తుంది. గోడౌన్ బొమ్మసంద్ర వైపు, సాఫ్ట్‌వేర్ టీమ్ హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో. టీమ్‌లో ఐదుగురు, అందులో ముగ్గురు తెలుగువాళ్లు. సంస్థ పేరు, సరుకు, అసలు రేట్లు ఇక్కడ చెప్పను. కోడ్‌లోని పేర్లు కూడా మార్చాను. కేసు అర్థం కావడానికి అవి అక్కర్లేదు.

నన్ను పిలిచింది వేరే పనికి. కోడ్ అంతా టైప్‌స్క్రిప్ట్ 4.7లో ఉంది, దాన్ని 5కు మార్చాలి. టైప్‌స్క్రిప్ట్ అంటే జావాస్క్రిప్ట్‌కు టైపులు చేర్చిన భాష. ఏ విలువ నంబరో, ఏది అక్షరాలో చెప్పే రాతే టైపు, కోడ్ నడవకముందే దాన్ని సరిచూసేది కంపైలర్. అదీ ఆరు వారాల ఒప్పందం. రెండో వారంలో అకౌంట్స్ నుంచి ఒక టికెట్ వచ్చింది. కొన్ని ఇన్‌వాయిస్‌లలో డెలివరీ చార్జీ సున్నా పడుతోందని, రెండు వారాలకు పైగా ఎవరూ గమనించలేదని అందులో ఉంది. ఆ కోడ్ రాసిన కుర్రాడు కడప నుంచి వచ్చినవాడు, పనిలో చేరి ఏడాదిన్నర అయింది. నా దగ్గరికి వచ్చి అడిగాడు. "అన్నా, స్ట్రిక్ట్ మోడ్ ఆన్‌లోనే ఉంది. కంపైలర్ ఒక్క ఎర్రర్ కూడా చూపించట్లేదు. మరి రేటు ఎక్కడ పోయింది?"

ఈ కేసు రాయడానికి కారణం ఆ ప్రశ్నే. స్ట్రిక్ట్ మోడ్ అంటే కంపైలర్ చేసే కఠినమైన తనిఖీల కట్ట. అతను తప్పుగా ఏమీ అడగలేదు. విలువ నంబర్ అని టైపు చెబుతోంది, కంపైలర్ ఒప్పుకుంది, కానీ కోడ్ నడిచేటప్పుడు అక్కడ నంబర్ లేదు.

కోడ్ ఎలా ఉండేది

రెండు పట్టికలు. మొదటిది జోన్ పట్టిక. నగరం లోపలి కొట్లకు నాలుగు జోన్లు, ఒక్కో జోన్‌కు కిలోకు ఇంత అని రేటు. దీన్ని డెవలపర్లే కోడ్‌లో చేత్తో రాశారు. రెండోది పిన్ పట్టిక. హోస్కోటె 562114, దేవనహళ్లి 562110 లాంటి శివారు పిన్‌కోడ్‌లకు జోన్లు కుదరవు. బండి ఎంత దూరం పోవాలి, తిరుగు లోడు దొరుకుతుందా అని చూసి, ఒక్కో పిన్‌కు విడిగా రేటు మాట్లాడుకుంటారు. అది ఆపరేషన్స్ వాళ్లు నడిపే షీట్‌లో ఉంటుంది. రోజూ రాత్రి జేసన్ ఫైల్‌గా (ప్రోగ్రామ్‌లు డేటా ఇచ్చిపుచ్చుకునే టెక్స్ట్ రూపం) మారి సర్వర్‌కు వస్తుంది.

రెండు పట్టికలకూ ఒకటే టైపు రాసి ఉంది. ఏ స్ట్రింగ్ (అక్షరాల వరుస) కీ ఇచ్చినా విలువ నంబర్, అంతే. కీ అంటే పట్టికలో విలువను వెతికే పేరు. దీన్నే ఇండెక్స్ సిగ్నేచర్ అంటాం. రికార్డ్ అనే టైపుకు స్ట్రింగ్, నంబర్ ఇచ్చి రాసినా అర్థం అదే. చూడ్డానికి బుద్ధిమంతుడిలా కనిపించే టైపు ఇది. కానీ చాలా పెద్ద మాట చెబుతోంది. లోకంలో ఏ స్ట్రింగ్ తెచ్చి అడిగినా ఈ ఆబ్జెక్ట్, అంటే కీలు, విలువల జంటల కట్ట, నంబర్ ఇస్తుందని హామీ ఇస్తోంది. పిన్‌కోడ్ బదులు మీ ఊరి పేరు ఇచ్చినా సరే, నంబర్ వస్తుందని కంపైలర్ నమ్ముతుంది.

సున్నా ఎలా వచ్చింది

షీట్‌లో లేని పిన్‌తో ఒక ఆర్డర్ వచ్చింది. పట్టికను అడిగితే అన్‌డిఫైన్డ్ వచ్చింది, అంటే అక్కడ విలువే లేదని. దాన్ని కిలోలతో గుణిస్తే నాన్ అయింది, అంటే నంబర్ కానిది. కోడ్ అక్కడ ఆగలేదు, ఎర్రర్ కూడా ఇవ్వలేదు. ఆ నాన్‌ను జేసన్‌గా మార్చి బిల్లింగ్ సర్వీసుకు పంపారు. జేసన్‌లో నాన్‌కు చోటు లేదు. జావాస్క్రిప్ట్ దాన్ని నల్‌గా, అంటే ఖాళీ విలువగా, రాస్తుంది. బిల్లింగ్ వైపు ఆ జవాబును ఎనీ టైపుగా, అంటే ఏ తనిఖీ లేకుండా, తీసుకుని సరుకు మొత్తానికి కలిపారు. నంబర్‌కు నల్ కలిపితే జావాస్క్రిప్ట్ దాన్ని సున్నాగా లెక్కిస్తుంది. ఇన్‌వాయిస్ సాఫీగా బయటికి వచ్చింది, డెలివరీ చార్జీ లేకుండా.

అన్‌డిఫైన్డ్, నాన్, నల్, సున్నా. నాలుగు మెట్లు, ఒక్కో మెట్టు దగ్గర సమాచారం కొంచెం కొంచెం చెరిగిపోయింది. "ఈ పిన్ మాకు తెలియదు" అనే నిజం మొదటి మెట్టులో ఉంది. చివరి మెట్టుకు వచ్చేసరికి అది "చార్జీ లేదు" అనే అబద్ధంగా మారింది. దీన్ని వైట్‌బోర్డు మీద గీసి చూపించాక టీమ్‌లో ఎవరూ కాసేపు మాట్లాడలేదు.

మొదట చేసినవి, అవి ఎందుకు నిలవలేదు

మొదటి పని అందరూ చేసేదే. లేని పిన్‌లను షీట్‌లో చేర్పించాం. రెండు రోజులు ప్రశాంతంగా ఉంది. మూడో రోజు మళ్లీ సున్నా బిల్లు వచ్చింది. ఆశ్చర్యం ఏమిటంటే ఈసారి పిన్ షీట్‌లో ఉంది.

దాని కారణం అప్పటికి తెలియలేదు. అకౌంట్స్ నుంచి ఫోన్ల మీద ఫోన్లు, అందరిలో టెన్షన్. ఆ ఒత్తిడిలో టీమ్ ఒక డిఫాల్ట్ రేటు పెట్టింది. పట్టిక నుంచి వచ్చింది పనికిరాకపోతే ఫలానా రేటు తీసుకో అని, రెండు నిలువు గీతల ఆపరేటర్‌తో. నేను రివ్యూలో చూశాను, ఒప్పుకున్నాను. అది నా తప్పు నిర్ణయం. ఆ ఆపరేటర్ అన్‌డిఫైన్డ్‌ను, నాన్‌ను పట్టుకున్నట్టే అసలైన సున్నాను కూడా పట్టుకుంటుంది. గోడౌన్ చుట్టుపక్కల కొట్లకు సంస్థ నిజంగానే ఉచితంగా చేరవేస్తోంది. వాళ్లందరికీ ఆ సాయంత్రం నుంచి చార్జీ పడింది. పాత కస్టమర్లు, ఊరికే ఉండరు కదా. మర్నాడు రెండు ప్రశ్నార్థకాల ఆపరేటర్‌కు మార్చాం. అది నల్, అన్‌డిఫైన్డ్ వచ్చినప్పుడే డిఫాల్ట్‌కు పోతుంది, సున్నాను ముట్టుకోదు. ఉచితం వాళ్ల గొడవ తీరింది. కానీ షీట్‌లో ఉన్న పిన్‌కు సున్నా పడటం మళ్లీ మొదలైంది.

అప్పుడు నేను కోడ్ మూసేసి బొమ్మసంద్ర వెళ్లాను. షీట్ నడిపే పెద్దాయనది హిందూపురం. పాతికేళ్లుగా సరుకు రవాణాలోనే ఉన్నారు. ఆయన పక్కన కూర్చుని షీట్ చూస్తుంటే కొన్ని పిన్‌ల పక్కన రేటు గడి ఖాళీగా కనిపించింది.

"ఇవి ఉచితమాండీ?" అన్నాను.

"ఉచితం అయితే సున్నా వేస్తాం సార్. ఖాళీ అంటే ఇంకా బండివాళ్లతో మాట్లాడుతున్నామని. రేటు తేలేదాకా అక్కడికి బండి పంపం."

ఈ కేసు మొత్తంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన మాట అది. ఖాళీ గడి జేసన్‌లోకి ఖాళీ స్ట్రింగ్‌గా వస్తోంది. మా కోడ్ దాన్ని నంబర్ అనే ఫంక్షన్‌కు ఇస్తోంది. జావాస్క్రిప్ట్‌లో ఖాళీ స్ట్రింగ్‌ను నంబర్‌గా మారిస్తే సున్నా వస్తుంది. ఆయన "మాట్లాడుతున్నాం" అని రాసినదాన్ని మా ప్రోగ్రామ్ "ఉచితం" అని చదివింది. డిఫాల్ట్ రేటు పెట్టడం ఎంత తప్పో కూడా అప్పుడే అర్థమైంది. రేటు తేలని చోటికి వాళ్లు బండే పంపరు. మేం ఊహించి ఒక రేటు వేసి బిల్లు ఇచ్చేస్తున్నాం.

నిజానికి శివారు పిన్‌కు నాలుగు స్థితులు ఉన్నాయి. రేటు తేలింది, ఉచితం, మాట్లాడుతున్నారు, అసలు జాబితాలోనే లేదు. మా టైపులో ఒక్కటే ఉంది. నంబర్.

ఫ్లాగ్ ఆన్ చేసి వెనక్కి తీసుకున్న సంగతి

తిరిగొచ్చాక ఇంకో ప్రయత్నం చేశాం. టైప్‌స్క్రిప్ట్ 4.1 నుంచి, అంటే 2020 నవంబర్ నుంచి, నో అన్‌చెక్డ్ ఇండెక్స్‌డ్ యాక్సెస్ అనే ఫ్లాగ్ (కంపైలర్ సెట్టింగ్) ఉంది. ఇది ఆన్‌లో ఉంటే ఇండెక్స్ సిగ్నేచర్ నుంచి తీసిన ప్రతి విలువకూ అన్‌డిఫైన్డ్ కావచ్చు అనే అవకాశాన్ని కంపైలర్ తనే చేరుస్తుంది. స్ట్రిక్ట్ మోడ్‌లో ఇది కలిసి రాదు, విడిగా ఆన్ చేయాలి. కడప కుర్రాడి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

ఆన్ చేశాం. మూడు వందలకు పైగా ఎర్రర్లు. ఈ ఫ్లాగ్ అర్రేలకు (వరుస జాబితాలకు) కూడా వర్తిస్తుంది కాబట్టి చాలావరకు లూపుల్లో ఇండెక్స్‌తో అర్రే చదివే చోట్లు. ఆ వారమే రిలీజ్ ఉంది. టీమ్ ఏం చేసి ఉంటుందో ఊహించవచ్చు. విలువ పక్కన ఆశ్చర్యార్థకం పెట్టి, ఇది కచ్చితంగా ఉంటుందిలే అని కంపైలర్ నోరు మూయించారు. పుల్ రిక్వెస్ట్‌లో, అంటే రివ్యూకు పెట్టిన మార్పుల్లో, ఒక్కొక్కటీ చదువుకుంటూ పోయాను. లూపుల్లో పెట్టిన వాటితో పెద్ద ప్రమాదం లేదు. కానీ పిన్ పట్టిక చదివే చోట కూడా అదే ఆశ్చర్యార్థకం ఉంది. ఏ ఎర్రర్ కోసం ఈ పనంతా మొదలుపెట్టామో అది మిగతా మూడు వందలతో కలిసి మాయమైపోయింది.

వెనక్కి తీసుకున్నాం. ఫ్లాగ్ చెప్పేది నిజమే, దానితో నాకు పేచీ లేదు. ఒకేసారి అంత గోల పెడితే మనిషి వినడు, అంతే. రేట్ల లెక్క మొత్తాన్ని వేరే ఫోల్డర్‌కు తెచ్చి, దానికి సొంత కాన్ఫిగ్ పెట్టి, అక్కడ మాత్రమే ఫ్లాగ్ ఆన్ చేశాం. ఆ ఫోల్డర్‌లో పదకొండు ఎర్రర్లు వచ్చాయి. పదకొండింటినీ కూర్చుని ఒక్కొక్కటిగా మాట్లాడుకున్నాం.

కుదిరిన పద్ధతి

ఆ మాటల్లోంచి ఒక ప్రశ్న తేలింది. ఈ ఆబ్జెక్ట్‌లో కీలు ఎవరి చేతిలో ఉన్నాయి?

జోన్ పేర్లు మా చేతిలో ఉన్నాయి. నాలుగే. కొత్తది కావాలంటే కోడ్ మార్చి, డిప్లాయ్ చేయాలి. పిన్‌కోడ్‌లు మా చేతిలో లేవు. షీట్ ఆపరేషన్స్ వాళ్లది, ఆర్డర్‌లో పిన్ కొట్టేది కస్టమర్, పిన్‌లు ఇచ్చేది తపాలా శాఖ. ఈ రెంటినీ ఒకే టైపులో పెట్టడమే మూల దోషం. విలువ రెండు చోట్లా రూపాయలే కావడంతో ఎవరికీ అనుమానం రాలేదు. విలువకు టైపు రాస్తున్నాం అనుకుంటాం, కానీ కీ గురించి కూడా మాట ఇస్తున్నామని మరిచిపోతాం.

జోన్ పట్టికతో మొదలుపెట్టాం. జోన్ పేర్లు నాలుగింటిని ఒక అర్రేలో రాసి, యాజ్ కాన్స్ట్ పెట్టి, దానిలోంచి జోన్ అనే యూనియన్ టైపు తీశాం. యూనియన్ అంటే వీటిలో ఏదో ఒకటి అని చెప్పే టైపు. యాజ్ కాన్స్ట్ 2019లో 3.4 వెర్షన్‌తో వచ్చింది. స్ట్రింగ్‌ను మామూలు స్ట్రింగ్‌గా చూడకుండా ఆ అక్షరాలకే కట్టిపడేస్తుంది. ఇక్కడ కుర్రాడు మంచి ప్రశ్న వేశాడు. "రేట్ల ఆబ్జెక్ట్ ఉంది కదన్నా, దాని కీల నుంచే కీఆఫ్ టైప్ఆఫ్‌తో జోన్ టైపు తీయొచ్చు కదా, మళ్లీ అర్రే ఎందుకు?" తీయవచ్చు. కానీ అప్పుడు పట్టికలో ఒక జోన్ మరిచిపోతే టైపు కూడా దాన్ని మరిచిపోతుంది. హాజరు పట్టీని తరగతిలో ఉన్న పిల్లల్ని చూసి రాస్తే ఎవరు రాలేదో ఎలా తెలుస్తుంది? జాబితా ఒకచోట పుట్టాలి, పట్టికను దానితో సరిచూడాలి.

ఆ సరిచూడటానికి మొదట ఆబ్జెక్ట్‌కు రికార్డ్ టైపును నేరుగా తగిలించాం. కీ జోన్, విలువ రేటు. ఒక జోన్ తీసేస్తే ఎర్రర్, అక్షరం తప్పుగా రాస్తే ఎర్రర్. బాగుంది. కానీ రెండు జోన్లకు కిలో లెక్క, మిగతా రెంటికి బరువు శ్లాబుల లెక్క ఉంది. విలువ టైపు ఈ రెంటి యూనియన్ అయింది. దాంతో ఏ జోన్‌కు ఏ లెక్కో ఆబ్జెక్ట్ రాసినప్పుడు కళ్లముందే ఉన్నా, కంపైలర్ మరిచిపోయింది. చదివే ప్రతి చోటా ఇది శ్లాబా, కిలోనా అని అడగాల్సి వచ్చింది. రెండో రోజుకే ఒకరు యాజ్ అని రాసి బలవంతంగా టైపు మార్చారు.

5కు మారుతుండటం ఇక్కడ కలిసొచ్చింది. 2022 నవంబర్‌లో వచ్చిన 4.9తో శాటిస్‌ఫైజ్ అనే మాట భాషలో చేరింది. ఆబ్జెక్ట్ చివర శాటిస్‌ఫైజ్ పెట్టి అదే రికార్డ్ టైపు రాస్తే, కీలన్నీ ఉన్నాయా, విలువలు సరైన ఆకారంలో ఉన్నాయా అని చూస్తుంది. అయినా ఆబ్జెక్ట్ సొంత టైపును చెరపదు. ఫలానా జోన్ శ్లాబు లెక్కది అని కంపైలర్‌కు గుర్తుంటుంది. టైపును తగిలిస్తే ఆబ్జెక్ట్‌కు ముసుగు వేసినట్టు, శాటిస్‌ఫైజ్ పెడితే దాన్ని పరీక్షించి వదిలినట్టు. నేను టీమ్‌కు అలాగే చెప్పాను. ఏ జోన్‌దో ముందే తెలియని చోట మాత్రం ఇంకా అడగాల్సిందే, దానికి కిలోనా, శ్లాబా అని చెప్పే రకం ఫీల్డు విలువలోనే పెట్టాం.

పిన్ పట్టిక కథ వేరు. దానికి ఆబ్జెక్టే వద్దనుకున్నాం, కీ, విలువల జంటలు దాచే మరో నిర్మాణం మ్యాప్ తీసుకున్నాం. మ్యాప్‌ను గెట్ అని అడిగితే జవాబు టైపులో అన్‌డిఫైన్డ్ ఎప్పుడూ ఉంటుంది, ఏ ఫ్లాగూ అక్కర్లేదు. లేని కీ కూడా ఉండొచ్చన్నది ఆ నిర్మాణంలోనే ఉంది. ఇంకో లాభం మేం వెతక్కుండానే దొరికింది. ఆబ్జెక్ట్‌లో కీ పూర్ణాంకంలా కనిపిస్తే జావాస్క్రిప్ట్ వాటిని చిన్న సంఖ్య నుంచి పెద్ద సంఖ్యకు వరుసపెడుతుంది, మనం పెట్టిన క్రమం పోతుంది. ఆరంకెల పిన్‌కోడ్‌లన్నీ ఆ కోవలోకే వస్తాయి. షీట్‌లో పెద్దాయన బండ్ల దారి ప్రకారం వరుసగా రాసుకున్న పిన్‌లు తెర మీద చెదిరిపోయి కనిపించడానికి కారణం ఇదే. దాని మీద ఆయన ఏడాది కిందటే ఫిర్యాదు చేశారట, ఎవరికీ అంతుపట్టక మూసేశారు. ఇప్పుడు ఫైల్‌లో కూడా ఆబ్జెక్ట్ బదులు వరుసల అర్రే వస్తుంది, దాన్నుంచి మ్యాప్ కడతాం. మ్యాప్ పెట్టిన క్రమాన్ని అలాగే ఉంచుతుంది.

ఇక మ్యాప్‌లోని విలువ. నంబర్ తీసేసి మూడు రకాల ఆబ్జెక్ట్‌ల యూనియన్ పెట్టాం. రకం "తేలింది" అయితే రేటు ఉంటుంది. రకం "ఉచితం" అయితే రేటు ఫీల్డే ఉండదు. రకం "మాట్లాడుతున్నారు" అయితే ఏ తేదీ నుంచి అన్నది ఉంటుంది. నాలుగో స్థితి, జాబితాలో లేకపోవడం, మ్యాప్ ఇచ్చే అన్‌డిఫైన్డ్. ఉచితానికి సున్నా రేటు చాలు కదా, విడి రకం ఎందుకు అని టీమ్‌లో గట్టి చర్చే జరిగింది. నేను పట్టుబట్టాను. ఆ సున్నా మమ్మల్ని అప్పటికే రెండుసార్లు మోసం చేసింది. ఒక విలువ రెండు అర్థాలు మోస్తుంటే, దాన్ని ఎవరో ఒకరు రెండో అర్థంలో చదువుతారు. రకాలను స్విచ్‌తో చదివి, చివర ఏదీ మిగలకూడదని నెవర్ టైపుతో కాపలా పెట్టాం. రేపు ఇంకో కొత్త రకం వస్తే బిల్డ్ ఆగుతుంది.

ఇంత చేసినా షీట్ నుంచి వచ్చే ఫైల్ దగ్గర టైపులు ఏమీ చేయలేవు. టైప్‌స్క్రిప్ట్ టైపులు కంపైల్ అయ్యాక చెరిగిపోతాయి, కోడ్ నడిచేటప్పుడు ఉండవు. జేసన్ పార్స్ ఎనీ ఇస్తుంది, ఎనీ ఏ టైపులోకైనా జారిపోతుంది. అందుకే పార్స్ చేసిన వెంటనే అన్‌నోన్‌గా, అంటే పరీక్షించేదాకా వాడనివ్వని టైపుగా, పట్టుకుని, ఒక్కో వరుసనూ పరీక్షించే ఫంక్షన్ రాశాం. ఖాళీ గడి అయితే "మాట్లాడుతున్నారు". సున్నా అయితే "ఉచితం". సున్నాకు మించిన సంఖ్య అయితే "తేలింది". ఇంకేం ఉన్నా ఆ వరుసను పక్కన పెట్టి, ఆపరేషన్స్‌కు ఉదయం మెయిల్. ఇలా డేటాను పరీక్షించే జాడ్ లాంటి లైబ్రరీ వాడదామని ఒకరు అన్నారు. మంచి లైబ్రరీయే. కానీ మూడు ఫీల్డులున్న ఒక్క ఫైల్, నలభై లైన్ల ఫంక్షన్‌తో పోయేది. పైగా ఖాళీ గడికి అర్థం ఏమిటో ఆ ఫంక్షన్‌లో అందరూ చదివేలా ఉండాలని నాకు అనిపించింది. ఫైళ్లు పది ఉంటే నేనే లైబ్రరీ పెట్టమనేవాణ్ణి.

బిల్లింగ్‌కు పంపే జవాబును కూడా ఇలాగే మార్చాం. చార్జీ అయినా ఉంటుంది, చార్జీ ఎందుకు లేదో కారణమైనా ఉంటుంది. కారణం వస్తే ఇన్‌వాయిస్ తయారవదు, ఆర్డర్ ఆపరేషన్స్ తెర మీద ఆగుతుంది. పంపే ముందు నంబర్ పరిమితమైన అసలు సంఖ్యేనా అని ఒక పరీక్ష, నాన్ ఇక దాటలేదు. డిఫాల్ట్ రేటు తీసేశాం.

నేను నేర్చుకున్నవి

ఆబ్జెక్ట్ విలువలకు టైపు రాసే ముందు ఇప్పుడు నేను కీల గురించే మొదట అడుగుతాను. కీలు మనవైతే యూనియన్, శాటిస్‌ఫైజ్. బయటివాళ్లవైతే మ్యాప్, లేదా అన్‌డిఫైన్డ్‌ను బయటపెట్టే టైపు. స్ట్రింగ్ కీ, నంబర్ విలువ అని కనిపిస్తే రివ్యూలో ఆగుతాను.

రెండోది నాకు ఇంకా ముఖ్యమైనది. రెండు రోజులు నేను సమస్యను టైపుల్లోనే వెతికాను. ఖాళీకీ సున్నాకీ తేడా కోడ్‌లో ఎక్కడా రాసి లేదు, అది హిందూపురం పెద్దాయన తలలో ఉంది. మొదటి టికెట్ వచ్చిన రోజే బొమ్మసంద్ర వెళ్లి ఉంటే గోడౌన్ పక్క కొట్ల మీద చార్జీ పడేది కాదు. ఆశ్చర్యార్థకాలు పెట్టినందుకు టీమ్‌ను నిందించడం కూడా న్యాయం కాదనిపించింది. మూడు వందల ఎర్రర్లు ఒకేసారి ముందు పెట్టింది నేను.

ఒకటి ఇంకా తేలలేదు. కొన్ని పాత ఫంక్షన్లు పైసల్లో లెక్కిస్తాయి, కొన్ని రూపాయల్లో. రెండూ నంబరే. నా ఒప్పందం అయిపోయేలోగా దాన్ని ముట్టుకోలేకపోయాం.

తర్వాత రెండు నెలలకు కుర్రాడు ఫోన్ చేశాడు. ఐదో జోన్ వచ్చిందట. అర్రేలో పేరు చేర్చగానే రేట్ల పట్టిక దగ్గర, బండ్ల షెడ్యూల్ దగ్గర, ఇంకో రెండు చోట్ల బిల్డ్ ఆగిందట. "మూడు పూర్తి చేశానన్నా. నాలుగోది రేటు. ఊహించి వేయలేదు, హిందూపురం సార్‌ను అడిగాను. గురువారం చెప్తామన్నారు. అప్పటిదాకా బ్రాంచ్ మెర్జ్ చేయట్లేదు."